బెజవాడలో కొత్త కారు సర్వీసింగ్: షోరూమ్ చూశాను, ఆటోనగర్ చూశాను, చివరికి ఎక్కడ తేలానంటే

ముందే చెప్పేస్తున్నా, కారు లోపల ఏం జరుగుతుందో నాకు తెలీదు. బానెట్ ఎత్తితే, అద్దం కడిగే నీళ్లు పోసే మూత ఒక్కటే ధైర్యంగా ముట్టుకుంటాను. కానీ బిల్లులు చదవడం మాత్రం వచ్చు, ఎందుకంటే పద్నాలుగేళ్లుగా నాకు జీతం ఇస్తున్నదే దానికి, ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కాబట్టి ఇది కారు తెలిసినావిడ రాసిన రివ్యూ కాదు, బిల్లు తెలిసినావిడ రాసింది అనుకుని చదవండి.

2024 దసరాకి కొన్నాం. 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఏ కంపెనీదో రాయడం లేదు, ఎందుకంటే నా తగువు కారుతో కాదు, కారు బంగారం. పటమట నుంచి వారధి దాటి మంగళగిరి ఆఫీసుకి, సెలవుల్లో పెడన దగ్గర అత్తగారి ఊరికి, ఏడాదికి ఓ పదివేల కిలోమీటర్లు తిరుగుతుంది. మా ఆయనకి బైక్ తప్ప ఇంకేదీ పట్టదు, అందుకని కారూ నాదే, దాని తిప్పలూ నావే.

కారు కొనేటప్పుడు మనం రంగు అడుగుతాం, మైలేజీ అడుగుతాం, సీట్ కవర్లు ఫ్రీగా ఇస్తారా అని అరగంట బేరమాడతాం. సర్వీసింగ్ ఎక్కడ, ఎంతవుతుంది అని ఒక్కరం అడగం. నేనూ అడగలేదు. దుర్గమ్మ కొండ దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, ఇంటికి తెచ్చుకున్నాం. సేల్స్ అబ్బాయి "మూడు సర్వీసులు ఫ్రీ మేడమ్, అంతా మేమే చూసుకుంటాం" అన్నాడు. అక్కడితో ఆ విషయం వదిలేశాను.

ఈ ఫ్రీ అనే మాట ముందు తేల్చుకోవాలి. ఫ్రీ అంటే లేబర్ మాత్రమే. ఆయిల్, ఫిల్టర్లు, వాషర్లు అన్నీ మన డబ్బే. అలైన్‌మెంట్, అంటే చక్రాలు వంకర లేకుండా సరిచేయడం, అందులోకి రాదు. మారుతి వాళ్లకి మూడు ఫ్రీ సర్వీసులు 1,000, 5,000, 10,000 కిలోమీటర్ల దగ్గర ఉంటాయి, లేదా నెల, ఆరు నెలలు, ఏడాది, ఏది ముందైతే అది. మిగతా కంపెనీలవి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. మీ కారుది మాన్యువల్‌లో ఉంటుంది, డ్యాష్‌బోర్డు కింద అరలో ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా పడుంటుంది చూడండి, అదే. నేనైతే రెండో సర్వీసు దాకా ఆ కవరు చింపలేదు. చింపి ఉంటే ఈ కథలో సగం ఉండేది కాదు.

మొదటి సర్వీసు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అప్పటికి బుడమేరు వరద వచ్చి వెళ్లి రెండు నెలలు. సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మునిగిన కార్లు ఇంకా వర్క్‌షాప్ ఆవరణంతా బారులు తీరి ఉన్నాయి, సీట్లు ఊడదీసి ఎండలో పెట్టారు, ఆ బురద వాసన గేటు దగ్గరికే వచ్చేది. అలాంటి చోట 1,000 కిలోమీటర్ల కొత్త బండికి చూపు దొరకడమే ఎక్కువ. కడిగి, గాలి చూసి, ఏదో స్టాంపు వేసి ఇచ్చారు. సున్నా బిల్లు. బాగానే ఉంది అనుకున్నా.

ఇంటికొచ్చాక నాన్నతో గొడవ. "ఆయిల్ మార్చారా?" అన్నారు. లేదన్నాను. "వెయ్యికి మొదటి ఆయిల్ దింపేయాలే, ఇనప రజను ఉంటుంది, వాళ్లకి తెలీదు" అని మూడు రోజులు సాధించారు. ఆయన కాలంలో అది నిజమే అయ్యుండొచ్చు. మా కారు మాన్యువల్లో మాత్రం మొదటి ఆయిల్ మార్పు 10,000 కిలోమీటర్లకి లేదా ఏడాదికి అని రాసుంది. ఈ సంగతి నేను తర్వాత చదివాను కానీ, ఆ రోజు చెప్పినా నాన్న వినేవారు కాదు, ఆయనకి పుస్తకం కంటే ఆటోనగర్ మీద నమ్మకం ఎక్కువ. ఆటోనగర్ దగ్గరికి తర్వాత వస్తాను.

మధ్యలో ఇంకో చిన్న విషయం, ఇది గుర్తుపెట్టుకోండి. సంక్రాంతికి పెడన వెళ్లొచ్చాక ఏసీ పెడితే గడ్డి వాసన. ఫోన్లో వీడియో చూసి, ముందు సీటు ఎదురుగా ఉన్న గ్లోవ్ బాక్స్ కిందికి దింపి, వెనకాల ఉండే ఏసీ ఫిల్టర్ లాగాను. పేపరు మడతలు పెట్టిన పలక లాంటిది, అంతే, ఒక్క పనిముట్టు కూడా అక్కర్లేదు. నేలకేసి తట్టితే గుప్పెడు దుమ్ము, రెండు ఎండుగడ్డి పోచలు, ఓ దోమ. దులిపి, మళ్లీ పెట్టే ముందు దాని అంచు మీద బాల్‌పెన్‌తో 17-1-25 అని రాశాను. ఎందుకు రాశావు అంటే చెప్పలేను, కాగితం కనిపిస్తే తేదీ వేయడం నాకున్న రోగం. ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా తేదీ ఉంటుంది.

ఇక రెండో సర్వీసు, 2025 ఏప్రిల్, 5,000 కిలోమీటర్లకి. బండి కొన్న చోటికే వెళ్లాను, ఇంకో చోటికి వెళ్లొచ్చని నాకు తెలీదు. లాంజ్ మాత్రం చూడాల్సిందే. ఏసీ, సోఫాలు, కాఫీ మిషను, టీవీలో వార్తలు, పిల్లలకి ఓ మూల జారుడు బల్ల. గాజు గోడ వెనక వర్క్‌షాప్ ఉంటుంది కానీ మన బండి రెండో వరుసలో ఉంటే బంపర్ తప్ప ఏమీ కనిపించదు. సర్వీస్ అడ్వైజర్ ట్యాబ్ పట్టుకుని కారు చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నాడు, తర్వాత మొదటి ప్రశ్న, "సార్ నంబర్ ఇస్తారా మేడమ్, ఎస్టిమేట్ పంపుతాను". ఏ సార్ అన్నాను. బండి నా పేరు మీద, నంబర్ నాది, ఓటీపీ వచ్చేది నాకు. "అంటే టెక్నికల్‌గా చెప్పడానికి మేడమ్" అన్నాడు. సరే, టెక్నికల్‌గా నాకే చెప్పు బాబూ అన్నాను.

చెప్పాడు. ఫ్రీ సర్వీసుకి ఎస్టిమేట్ 7,155 రూపాయలు. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి 2,150. ఆయిల్ మార్చేముందు లోపల కడగడానికి ఫ్లష్ అట, 450. అలైన్‌మెంట్, చక్రాలు వణక్కుండా బరువు సరిచేసే బ్యాలెన్సింగ్, టైర్లు ముందువి వెనక్కి మార్చే రొటేషన్ 1,180. ఏసీ ఫిల్టర్ 486. ఏసీలో క్రిములు పోవడానికి స్ప్రే 899. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం, థ్రాటిల్ బాడీ అంటారు, దాని క్లీనింగ్ 650. ఇంజిన్ పైన మెరుపు రావడానికి డ్రెస్సింగ్ 590. ఎలుకలు వైర్లు కొరక్కుండా స్ప్రే 750. కూడి చూశాను, లెక్క మాత్రం తప్పు లేదు.

మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి బిల్లు పెడితే నేనేం చేస్తానో అదే చేశాను, ఒక్కో లైనూ ఎందుకు అని అడిగాను. ఆరు నెలల బండికి థ్రాటిల్ బాడీలో ఏం మురికి పడుతుంది? "ప్రివెంటివ్ మేడమ్." ఆయిల్ పదివేలకి కదా, మాన్యువల్ కవరు ఆ లాంజ్‌లోనే చింపి చూశాను, 5,000 గడిలో ఆయిల్ దగ్గర 'తనిఖీ' అనే ఉంది, 'మార్పు' అని లేదు. "మన బెజవాడ ఎండలకి ముందే మారిస్తే మంచిది మేడమ్." రోహిణి కార్తె రాకముందే రోహిణి కార్తె భయం. ఫ్లష్ మాట అడిగితే, ఆయిలే మార్చనప్పుడు ఫ్లష్ అక్కర్లేదని తనే కొట్టేశాడు. ఎలుకల స్ప్రే దగ్గర కొంచెం ఆలోచించాను, మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పందికొక్కులే ఉన్నాయి, కానీ ఆ స్ప్రే ఎన్నాళ్లు పనిచేస్తుంది అంటే సరిగ్గా చెప్పలేకపోయాడు. చివరికి అలైన్‌మెంట్ వగైరా, ఏసీ ఫిల్టర్, ఈ రెండే ఉంచాను. గడ్డి వాసన గుర్తొచ్చి ఫిల్టర్‌కి ఒప్పుకున్నా. సాయంత్రం బిల్లు 1,816. 1,180కి 486 కలిపితే 1,666 కదా, మిగతా 150 ఏంటంటే కన్స్యూమబుల్స్. ఏం కన్స్యూమ్ చేశారు? కాటన్ గుడ్డ, గ్రీజు. కాఫీ కూడా అందులోనే ఉందేమో.

ఇక్కడ ఒక్క మాట అడ్వైజర్ల తరఫున కూడా చెప్పాలి. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. ఈ పనుల మీద వాళ్లకి నెలవారీ టార్గెట్లు ఉంటాయని, మా ఆఫీసులో ఒకాయన తమ్ముడు అదే పని చేసి మానేశాడు కాబట్టి నాకు తెలుసు. అంత లాంజ్ కట్టి, అంత ఏసీ నడుపుతూ, లేబర్ ఫ్రీ అంటే డబ్బు ఎక్కడో అక్కడ రాబట్టుకోవాలి కదా. నా బాధల్లా ఆ రాబట్టుకోవడం నా దగ్గర ఎందుకు అని.

ఆ 150 నాన్నకి చెప్పడం నేను చేసిన తప్పు. మర్నాడు ఆదివారం, పొద్దున్నే "పద ఆటోనగర్" అన్నారు.

మా ఇంటికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు ఆటోనగర్. బయటి ఊళ్లవాళ్ల కోసం చెబుతున్నా, అది ఒక వీధి కాదు, ఊళ్లో ఇంకో ఊరు. ఒక సందంతా లారీలకి బాడీలు కట్టే షెడ్లు, ఇంకో సందులో రేడియేటర్లు, ఇంకో చోట కమాన్ కట్టలు, లేత్ మిషన్లు. ఏ బండి నుంచి ఊడిన ఏ ముక్కైనా అక్కడ దొరుకుతుందని పేరు. నాన్న 2011 వ్యాగన్ఆర్‌ని మొదట్నుంచీ చూసే మెకానిక్ ఒకాయన ఉన్నారు, నేను బాబాయ్‌గారూ అంటాను. రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, చెట్టు కింద ఊడదీసిన బస్సు సీటు ఒకటి, అదే ఆయన లాంజ్. ఆ రోజు ఎవరిదో ఇన్నోవా ఉంది, ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటున్నారు. కుర్రాడు రేస్ చేస్తున్నాడు. "బేరింగు" అన్నారు. అంతే, డయాగ్నసిస్ అయిపోయింది.

నా కారు చూసి బానెట్ ఎత్తారు, ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, లాగి, ఆయిల్ చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశారు. "ఏంటమ్మా ఇది, నీళ్లలా ఉంది. 0డబ్ల్యూ-20 అంటారే, అదేనా? మా కాలంలో 20డబ్ల్యూ-40 పోస్తే నెయ్యిలా ఉండేది." నాన్న నావైపు విజయగర్వంతో చూశారు. కానీ బాబాయ్‌గారి తర్వాతి మాట ఆయన ఊహించలేదు. "చిక్కటిది పోద్దామా అంటే పోయకూడదు, ఈ ఇంజన్లకి సందులు సన్నం, కంపెనీ చెప్పిందే పోయాలి. అమ్మాయ్, వారంటీ అయ్యేదాకా కంపెనీలోనే చేయించుకో. కొత్త బండ్లకి ఏది పోయినా ముందు బండిలోని కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టాలి, నా దగ్గరున్న స్కానర్‌కి నీ బండి మాట అర్థం కాదు. వారంటీ అయ్యాక తీసుకురా, ఆయిల్ డబ్బా సీలుతో నువ్వే తెచ్చుకో, నా కళ్లముందు కాదు, నీ కళ్లముందు పోయిస్తా." టీ తాగించి పంపారు, పైసా తీసుకోలేదు. నా దృష్టిలో ఆ ఏడాదిలో నాకు అందిన మంచి సర్వీసు అదే, బండిని ముట్టుకోకుండా పంపించేయడం.

నిజానికి వారంటీ సంగతి జనం అనుకుంటున్నంత నలుపు తెలుపు కాదు. 2014 ఆగస్టులో, కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్, 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, పరీక్ష చేసే పరికరాలు బయటి మెకానిక్‌లకి దొరకనివ్వడం లేదని కేసు. బయట సర్వీసు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అని గంపగుత్తగా రాయకూడదని కూడా ఆ ఆర్డర్లో ఉంది. కంపెనీలు దాని మీద కోర్టులకి వెళ్లాయి. సరే, న్యాయం నా వైపే ఉందనుకుందాం. రేపు గేర్‌బాక్స్ పోయి, బయట తప్పు ఆయిల్ పోయించారు కాబట్టి ఇది కవర్ కాదు మేడమ్ అంటే, ఆ ఆర్డర్ కాపీ పట్టుకుని తిరిగే ఓపిక నాకుందా? లేదు. పైగా ఇప్పుడు వారంటీలు పొడుగయ్యాయి, మారుతి అయితే 2024 జులైలో రెండేళ్లు, 40,000 కిలోమీటర్లు ఉన్నదాన్ని మూడేళ్లు, లక్ష కిలోమీటర్లు చేసింది. నేను డబ్బు కట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకున్నాను, దాని షరతుల కాగితంలో సర్వీసులన్నీ సమయానికి తమ అధీకృత వర్క్‌షాప్‌లోనే జరగాలని రాసి ఉంది. ఏడాదికి రెండు మూడు వేల తేడా కోసం దాన్ని పణంగా పెట్టను.

మధ్యలో మా బావ, హైదరాబాద్‌లో ఉంటాడు, యాప్‌లో బుక్ చేసుకో, ఇంటికొచ్చి తీసుకెళ్తారు, సగం ధర అని ఊదరగొట్టాడు. ఆయనది ఏడేళ్ల బండి, వారంటీ ఎప్పుడో పోయింది, ఆయనకి అది సరిపోతుంది. అన్ని కంపెనీల బండ్లూ చూసే బాష్, మైటీవీఎస్ లాంటి పేరున్న సెంటర్లు కూడా అలాంటి వయసు బండ్లకి మంచి దారే అనిపిస్తుంది. యాప్‌ల విషయంలో మాత్రం నాకో చిన్న అనుమానం, గోమెకానిక్ అనే కారు సర్వీసింగ్ యాప్ కంపెనీ లెక్కల్లో తప్పులు జరిగాయని 2023 జనవరిలో దాని వ్యవస్థాపకుల్లో ఒకరే ఒప్పుకున్నారు కదా, అప్పటినుంచి యాప్ పేరు వింటే నాలో అకౌంటెంట్ లేచి కూర్చుంటుంది. మన ఫోన్లో ఎంత అందమైన బొమ్మ ఉన్నా, చివరికి బండి వెళ్లేది ఏదో ఒక షెడ్డుకే, ఆ షెడ్డు ఎవరిదో మనం చూడం.

అసలు విషయం నాకు తెలిసింది ఆఫీసు క్యాంటీన్లో. నాలాంటి కారే ఉన్న ఒకావిడ, గన్నవరం నుంచి వస్తారు, "కొన్న చోటే ఎందుకు చేయిస్తున్నారు? అదే కంపెనీ వర్క్‌షాప్ ఎక్కడైనా ఫ్రీ సర్వీసు చేస్తారుగా" అన్నారు. నేను నోరు తెరిచాను. కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగాను, అవును, మా కంపెనీ అధీకృత వర్క్‌షాప్ దేశంలో ఎక్కడైనా సరే అన్నారు. ఏ డీలర్ దగ్గర చేయించినా సర్వీసు చరిత్ర కంపెనీ యాప్‌లో కనిపిస్తుంది, వారంటీకి ఏ లోటూ రాదు. మీరు కారు కొంటున్నా, ఈమధ్యే కొన్నా, ఈ ఒక్క ఫోన్ ముందు చేయండి. అమ్మినవాడి దగ్గరే సర్వీసు చేయించాలన్న రూలు ఎక్కడా లేదు, మనమే పెళ్లి సంబంధంలా ఫీలవుతాం.

అలా 2025 అక్టోబరులో మూడో సర్వీసుకి, ఊరి బయట హైవే పక్కన ఉన్న చిన్న అధీకృత వర్క్‌షాప్‌కి వెళ్లాను. పేరు రాస్తే ప్రకటన అనుకుంటారు, రాయను. అక్కడ అమ్మకాల షోరూమ్ లేదు, సర్వీసు ఒక్కటే. మూడు లిఫ్టులు, ఆరేడుగురు మనుషులు. నేను ముందే ఫోన్లో అడిగింది ఒక్కటే ప్రశ్న, బండి పక్కన నిలబడనిస్తారా అని. "నిలబడండి మేడమ్, పసుపు గీత ఇవతల, చెప్పులు జారనివి వేసుకోండి" అన్నారు. ఆ జవాబుకే సగం మార్కులు వేసేశాను.

లిఫ్టు ఎక్కించి, కింద బోల్టు విప్పారు. పదివేల కిలోమీటర్ల ఆయిల్ ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూశాను, కాటుక కలిపిన నువ్వులనూనెలా సన్నటి దారగా తొట్టిలోకి పడింది. దార ఆగి చుక్కలయ్యాక కూడా ఆ టెక్నీషియన్ కదల్లేదు, ఫోన్ చూసుకుంటూ ఓ పది నిమిషాలు ఆగాడు. ఏం చేస్తున్నారు అన్నాను. "చుక్క చుక్క దిగనివ్వాలి మేడమ్, పెద్ద షాపుల్లో టైం ఉండదు" అన్నాడు. బోల్టుకి ఉండే పాత వాషర్ తీసి పారేసి కొత్తది వేశాడు, పది పదిహేను రూపాయల రేకు ముక్క, అది పాతదే వాడితే చెమ్మ కారుతుందట. బోల్టు బిగించడానికి పొడుగాటి రెంచీ తెచ్చాడు, సరిపడా బిగుసుకోగానే టిక్కుమని చప్పుడు చేస్తుంది, ఆపేశాడు. తర్వాత ఆయిల్ డబ్బా నా చేతికిచ్చి సీలు చూసుకోమన్నాడు. పోశాక డిప్‌స్టిక్ తుడిచి, ముంచి, తీసి చూపించాడు. తేనె రంగు. రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకి కాస్త కింద. "పై గీత దాటకూడదు మేడమ్, ఎక్కువ పోస్తే కూడా తప్పే."

అలైన్‌మెంట్ చేశాడు, టైర్లు ముందువి వెనక్కి మార్చాడు. బ్యాలెన్సింగ్ కూడా చేసేయండి అని నేనే అన్నాను, ఎందుకంటే పోయినసారి బిల్లులో ఉంది కదా. "ఎనభై తొంభైలో స్టీరింగ్ వణుకుతోందా?" అన్నాడు. లేదన్నాను. "అయితే ఎందుకు మేడమ్, వణికినప్పుడు రండి." నేను అడిగిన పనికి డబ్బు వద్దన్న మనిషిని ఆటోనగర్ తర్వాత మళ్లీ ఇక్కడే చూశాను.

చివర్లో ఏసీ ఫిల్టర్. దుమ్మెక్కువ తిరిగే బండి, ఓసారి చూడమన్నాను, ఏప్రిల్‌లో మార్చిందే కాబట్టి దులిపితే సరిపోతుందని కూడా చెప్పాను. గ్లోవ్ బాక్స్ దింపి, లాగి, న్యూస్ పేపర్ మీద పెట్టి తీసుకొచ్చాడు. నల్లగా ఉంది. అతను దాన్ని తిప్పి అంచు చూసి, "మేడమ్, ఇది మీ రాతేనా?" అన్నాడు.

17-1-25.

ఏడులకి మధ్యలో అడ్డగీత కొడతాను నేను, చిన్నప్పటి అలవాటు. ఆ గీత కూడా ఉంది.

చాలాసేపు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. 486 రూపాయలు పెద్ద మొత్తమేం కాదు, మా పిల్లాడి పిజ్జా ఖర్చు. కానీ ఒక్క పనిముట్టు అక్కర్లేని, రెండు నిమిషాల పని చేయకుండా బిల్లు వేసినవాళ్లు, లిఫ్టు మీద, నాకు కనపడని చోట ఏం చేసి ఉంటారు? అలైన్‌మెంట్ చేశారా? బ్రేకులు చూశారా? ఆ బిల్లులో మిగతా లైన్లకి నేను తేదీ వేసుకోలేదుగా. ఎవరి తప్పో కూడా చెప్పలేను, అడ్వైజర్‌కి తెలియకపోవచ్చు, స్టోర్స్ నుంచి కొత్త ఫిల్టర్ వచ్చే ఉంటుంది, అది ఏ బండిలోకి పోయిందో, ఏ జేబులోకి పోయిందో.

కొత్తది వేయించాను, మళ్లీ 486, ఎంఆర్‌పీ ఎక్కడైనా ఒకటే. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, వాషర్ 2,060, అలైన్‌మెంట్, రొటేషన్ కలిపి 520. మొత్తం 3,066. కన్స్యూమబుల్స్ అనే లైను లేదు. అంటే ధరల్లో తేడా పెద్దగా లేదు చూడండి, తేడా అంతా అక్కర్లేని పనుల్లోనే ఉంది. జీఎస్టీ తగ్గింది కదా, సర్వీసు చవకవుతుందా అని మా ఆఫీసులో చాలామంది అడిగారు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటికీ 18 శాతమే, క్లచ్, బంపర్ లాంటివి అంతకుముందు 28లో ఉండేవి, వాటికి బాగానే తగ్గింది. మామూలు సర్వీసులో ప్రధానంగా ఉండే ఆయిల్, లేబర్ ముందు కూడా 18లోనే ఉన్నాయి కాబట్టి మామూలు సర్వీసు బిల్లులో పెద్ద మార్పు ఆశించకండి.

ఈ చిన్న వర్క్‌షాప్‌కి లోపాలు లేవా అంటే బోలెడు. కూర్చోడానికి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టాండ్ ఫ్యాన్, సాయంత్రం నాలుగు దాటితే దోమలు. టీ కావాలంటే హైవే దాటాలి, నేను దాటలేదు. లేడీస్‌కి వేరే టాయిలెట్ లేదు, ఉన్నదాని గొళ్లెం సరిగ్గా పడదు, ఇది మాత్రం వాళ్ల మేనేజర్‌కి గట్టిగా చెప్పి వచ్చాను. వాషింగ్ అధ్వానం, ఇంటికొచ్చాక డోర్ల మీద నీటి మచ్చలు నేనే తుడుచుకున్నా. బండి తీసుకెళ్లి తెచ్చిచ్చే సౌకర్యం లేదు, ఆదివారం సెలవు, కాబట్టి ఉద్యోగం చేసేవాళ్లు ఒక లీవు వదులుకోవాల్సిందే. డెంటింగ్, పెయింటింగ్ కూడా అక్కడ చేయరు, పెద్ద చోటికి పంపిస్తారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ లాంటి పెద్ద పని పడితే నేనూ మళ్లీ ఆ గాజు గోడల చోటికే వెళ్లాల్సి వస్తుందేమో. అయినా ఆయిల్ మార్పు వరకు నా ఓటు దోమలకే.

వచ్చే సర్వీసు 20,000కి. అప్పుడు బ్రేక్ ఫ్లూయిడ్ కూడా మార్చాలని టెక్నీషియన్ చెప్పాడు, మాన్యువల్‌లో చూశాను, రెండేళ్లకి అని ఉంది, నిజమే చెప్పాడు. నాన్న మాత్రం వారంటీ ఎప్పుడు అయిపోతుందా అని క్యాలెండర్ చూసుకుంటున్నారు, బాబాయ్‌గారు కొత్త స్కానర్ కొన్నారట.

పాత డీలర్ దగ్గరికి ఆ ఫిల్టర్ న్యూస్ పేపర్లో చుట్టుకుని, ఏప్రిల్ బిల్లు జిరాక్స్‌తో వెళ్లాను. మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు, కాఫీ ఇప్పించాడు, "హ్యూమన్ ఎర్రర్ మేడమ్" అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వడం సిస్టమ్‌లో కుదరదట, 486 నా పేరు మీద క్రెడిట్‌గా ఉంచుతాం, వచ్చే సర్వీసులో తగ్గిస్తాం అన్నాడు. అప్పటినుంచి నెలకోసారి ఆ కాల్ సెంటర్ నుంచి ఫోన్, మీ క్రెడిట్ అలాగే ఉంది మేడమ్, వాడుకోండి అని. పోయినసారి అడిగాను, ఆ డబ్బుకి ఒక కొత్త ఏసీ ఫిల్టర్ వస్తుందా అని.

"తప్పకుండా వస్తుంది మేడమ్. ఫిట్టింగ్ చార్జీ మాత్రం ఎక్స్‌ట్రా."